జాబితాకెక్కని ఉబ్బసం

రోగాల్లో కూడా జాతకం మంచివీ, జాతకం చెడ్డవీ ఉంటాయంటే మీరు నవ్వుతారు. కాని ఇరవై ఏళ్లుగా ఇంగ్లండులో కాపరం చేస్తూ నేను తెలుసుకున్న సత్యాల్లో ఇదొకటి. మా ఇంట్లో రెండు రోగాలున్నాయి. ఒకటి నాది, ఒకటి మావారిది. నా మెడలో ఉన్న థైరాయిడ్ గ్రంథి పనిచెయ్యడం మానుకుని చాలా కాలమైంది. మావారికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. రెండూ జీవితాంతం వెన్నంటి ఉండేవే. రెండింటికీ రోజూ మందు పడవలసిందే. అయినా ఇక్కడి సర్కారు కళ్లకు ఈ రెండూ ఒకటి కావు. నాకు మందులన్నీ ఉచితం. ఆయన మటుకు తన ఊపిరి తాను కొనుక్కోవాలి.

"నీది సర్కారువారి రోగం. నాది సొంత ఖర్చుమీద నడుస్తున్న రోగం" అంటారు మావారు, కొత్త ఇన్హేలరు కొనుక్కొచ్చినప్పుడల్లా.

సంగతేమిటంటే, ఇంగ్లండులో డాక్టరుకు ఫీజు ఇవ్వనక్కరలేదు. ఆసుపత్రిలో పడుకున్నా, ఆపరేషన్ చేయించుకున్నా బిల్లు రాదు. మందు దగ్గరికి వచ్చేసరికి మటుకు లెక్క మారుతుంది. డాక్టరు చీటీమీద రాసిన ఒక్కొక్క మందుకూ ఇంత అని కట్టాలి. 2024 మే 1న ఆ చార్జీ 9 పౌన్ల 90 పెన్నీలు అయింది. మన డబ్బులో వెయ్యి రూపాయల పైమాటే. ఆ మందు ఖరీదు అర్ధ పౌను అయినా అంతే, ఏభై పౌన్లయినా అంతే. రెండు మందులు రాస్తే రెండు రెట్లు, మూడు రాస్తే మూడు రెట్లు.

అందరూ కట్టాలా అంటే, కాదు. పదహారేళ్లలోపు పిల్లలు, అరవై దాటిన పెద్దలు, గర్భవతులు, బిడ్డ పుట్టి ఏడాది తిరగని తల్లులు, ప్రభుత్వం ఇచ్చే కొన్ని రకాల భృతులతో బతికేవారు కట్టనక్కరలేదు. వీళ్లందరినీ తీసేస్తే, మందుల షాపుల్లోంచి పోయే మందుల్లో సుమారు నూటికి తొంభై ఉచితంగానే పోతాయి. ఆ మిగిలిన పదీ ఎవరి నెత్తిన పడతాయయ్యా అంటే, పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని ఉద్యోగానికి పోయే మావారిలాంటివాళ్ల నెత్తిన. మధ్యతరగతి అన్నది ఏ దేశంలోనైనా మధ్యలోనే ఇరుక్కుంటుంది కాబోలు.

ఈ కట్టేవాళ్లలో కూడా కొందరికి మినహాయింపు ఉంది. ఫలానా దీర్ఘరోగాలున్నవారు ఒక పత్రం తీసుకుంటే చాలు, అన్ని మందులూ ఉచితం. ఆ రోగానికి వాడే మందే కాదు. దగ్గు వచ్చినా, కాలు బెణికినా, పంటి కింద చీము పట్టినా చీటీమీద రాసిన మందుకు పైసా ఇవ్వనక్కరలేదు. నా రోగం ఆ జాబితాలో ఉంది. మావారి ఉబ్బసం లేదు. కిందటేడు చలికాలంలో ఇద్దరికీ ఒకేసారి గొంతు పట్టేసింది. ఒకే డాక్టరు, ఒకే మాత్ర రాశాడు. నా మాత్ర ఊరకే వచ్చింది, ఆయన మాత్రకు కార్డు గీకించుకున్నారు. షాపులో అమ్మాయి మా ఇద్దరి వంకా చూసి నవ్వింది. మావారు నవ్వలేదు.

దీనికి తోడు మేముండేది చెస్టరు ఊళ్లో. డీ నది ఒడ్డున ఉన్న పాత పట్టణం. ఊరు దాటగానే వేల్సు. సాల్ట్నీ అనే పేటలో ఒక సందు మధ్యనుంచే సరిహద్దు పోతుంది. ఈ వరస ఇళ్లు ఇంగ్లండు, ఆ వరస ఇళ్లు వేల్సు. వేల్సులో 2007 ఏప్రిల్ నుంచి మందుల చార్జీ ఎత్తేశారు. ఉత్తర ఐర్లండులో 2010లో, స్కాట్లండులో 2011లో ఎత్తేశారు. ఇంగ్లండులో మాత్రం మిగిలింది. మాకు పన్నెండు మైళ్ల దూరంలో రెక్సమ్ ఉంది. అక్కడ మా దూరపు బంధువులున్నారు. ఆయనకూ ఉబ్బసమే. అక్కడి డాక్టరు రాసిన చీటీ అక్కడి షాపులో ఇస్తే ఆయనకు ఇన్హేలరు ఉచితం. సంక్రాంతికి కలుసుకున్నప్పుడు ఇద్దరూ తమ తమ ఇన్హేలర్లు బల్లమీద పెట్టి పోల్చుకుంటూ ఉంటారు, పూర్వం మన తాతలు నశ్యం డబ్బాలు పోల్చుకున్నట్టు.

ఇంత వింత జాబితా ఎవరు రాశారా అని నాకు కుతూహలం పుట్టి కాస్త చదివాను. చదివితే, అది మన వారపత్రికల్లో వచ్చే సీరియల్ నవలకు ఏమాత్రం తీసిపోదు.

ఈ దేశంలో జాతీయ ఆరోగ్య సేవ 1948 జూలై 5న మొదలైంది. దానికి కర్త అన్యూరిన్ బెవన్ అనే మంత్రి. వేల్సులో బొగ్గుగని పనివాడి కొడుకు. చిన్నతనంలో తానూ గనిలోకి దిగినవాడే. డాక్టరు, ఆసుపత్రి, మందు, పళ్లసెట్టు, కళ్లద్దాలు అన్నీ ఉచితమన్నాడు. మూడేళ్లు తిరక్కుండానే పళ్లసెట్లకూ కళ్లద్దాలకూ కొంత డబ్బు పుచ్చుకోవాలని సాటి మంత్రులు నిశ్చయిస్తే, 1951 ఏప్రిల్లో రాజీనామా ఇచ్చి బయటికి వచ్చేశాడు. ఆయనతోబాటు వచ్చేసినవారిలో హెరాల్డ్ విల్సన్ అనే యువ మంత్రి ఒకడు. 1952 జూన్‌లో ఇంకో పార్టీ పాలనలో మందుచీటీకి ఒక షిల్లింగు వసూలు చెయ్యడం మొదలుపెట్టారు. ఆ విల్సనే 1964లో ప్రధానమంత్రి అయ్యాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆ చార్జీ కాస్తా ఎత్తేశాడు. ఇక్కడితో శుభం కార్డు పడాలా? పడలేదు. 1967 నవంబరులో పౌను విలువ తగ్గించవలసివచ్చింది. ఖర్చులు తగ్గించుకోవాలన్నారు. 1968 జూన్‌లో, చార్జీ ఎత్తేసిన ఆ విల్సన్ ప్రభుత్వమే, ఒక్కొక్క మందుకు రెండున్నర షిల్లింగులు చొప్పున మళ్లీ పెట్టింది.

పెడుతూ పెడుతూ, నిత్యం మందు లేకపోతే బతకలేనివారిని వదిలేద్దామని డాక్టర్లతో సంప్రదించి ఒక జాబితా రాశారు. థైరాయిడ్ మందగించి హార్మోను మాత్ర వేసుకునేవారు; మధుమేహానికి మాత్రో ఇంజెక్షనో తీసుకునేవారు (పథ్యంతోనే అదుపులో పెట్టుకునేవారికి లేదు); మూర్ఛకు నిరంతరం మందు వాడేవారు; ఎడ్రినల్, పిట్యూటరీ, పారాథైరాయిడ్ గ్రంథులు పనిచెయ్యనివారు; మయస్తీనియా గ్రావిస్ అనే కండరాల జబ్బు ఉన్నవారు; ఒంటిమీద శాశ్వతంగా తెరిచి ఉంచిన రంధ్రానికి కట్టో సంచీయో కట్టుకునేవారు; ఇంకొకరి సాయం లేనిదే ఇల్లు కదలలేనివారు. 2009 ఏప్రిల్‌లో కాన్సరుకు వైద్యం పొందుతున్నవారిని చేర్చారు. ఆ ఒక్క చేర్పూ తప్పిస్తే, జాబితా దాదాపు 1968 నాటిదే.

ఉబ్బసం ఎందుకు లేదూ అంటే, తమాషా ఉంది. మావారి దగ్గర రెండు ఇన్హేలర్లున్నాయి. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలిరంగుది, ఆయాసం రాకుండా రోజూ పీల్చవలసిన గోధుమరంగుది. నీలిరంగు దానిలోని మందు ఇక్కడి బజారులోకి వచ్చింది 1969లో. గోధుమరంగు దానిలోది 1972లో. అంటే జాబితా రాసిన నాటికి ఈ రెండూ పుట్టనే లేదు! సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు కథ మరీ జాలి. ఆ రోజుల్లో ఆ జబ్బుతో పుట్టిన పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా బతకడం అరుదు. పెద్దవాళ్లయ్యేవారే లేనప్పుడు వాళ్లకు మినహాయింపు ఎందుకనుకున్నారో ఏమో, దాన్ని రాయలేదు. ఇప్పుడు దేవుడి దయవల్లా, వైద్యం దయవల్లా వాళ్లు పెద్దవాళ్లవుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, మందులు కొనుక్కుంటున్నారు.

2008లో గోర్డన్ బ్రౌన్ ప్రధానమంత్రిగా ఉండగా, దీర్ఘరోగులందరికీ క్రమంగా మందులు ఉచితం చేస్తామన్నాడు. సర్ ఇయాన్ గిల్మోర్ అనే వైద్యుణ్ణి పిలిచి, ఎలా చెయ్యాలో రాసిమ్మన్నారు. ఆయన శ్రద్ధగా రాసిచ్చాడు. 2010 మేలో అది వెలుగుచూసేసరికి ప్రభుత్వం మారిపోయింది. నివేదిక బీరువాలోకి పోయింది. మావారు ఇన్హేలరు కొనుక్కుంటూనే ఉన్నారు.

ఇంతవరకూ సర్కారు సంగతి. ఇక మన సంగతి చెప్పాలి. ఎందుకంటే, ఉచితంగా ఇస్తానన్నది పుచ్చుకోవడానికి కూడా మనకు ఒక తరహా జంకు ఉంది.

మా నాన్నగారు తెనాలిలో బడిపంతులు. జీతం తక్కువ, పిల్లలం ఎక్కువ. అయినా మాకు జ్వరం వస్తే ధర్మాసుపత్రికి తీసుకెళ్లేవారు కారు. అరువు పెట్టయినా ప్రైవేటు డాక్టరు దగ్గరికే. "ధర్మాసుపత్రి లేనివాళ్లకోసం. మనం వెళ్లి లైనులో నించుంటే ఒక లేనివాడికి చోటు తగ్గుతుంది" అనేవారు. అందులో దయ ఉంది, అభిమానమూ ఉంది. ఏది ఎంత పాలో ఆయన్నే అడగాలి. ఆ మాట చెవిలో పెట్టుకుని పెరిగినవాళ్లం మనం. అంచేత "ఉచితం" అనగానే మన తల కాస్త వంగుతుంది.

నాకు థైరాయిడ్ అని తేలినప్పుడు క్లినిక్కులో ఉన్న నర్సు, నేను అడక్కుండానే, ఎఫ్.పి.92ఎ అనే కాగితం తీసి నా ముందు పెట్టింది. "మా ఆయనకు ఉద్యోగం ఉందమ్మా" అన్నాను. ఆవిడ అర్థం కానట్టు చూసి, "ఉండనీ. జీతం నీ థైరాయిడ్‌కు పట్టదుగా?" అంది. ఆ ఒక్క మాటతో నాకు విషయం తేటపడింది. ఈ పత్రం లేమికి ఇచ్చేది కాదు, రోగానికి ఇచ్చేది. రాజుగారికి థైరాయిడ్ వచ్చినా ఇదే కాగితం. నా వివరాలు రాశాను, డాక్టరు సంతకం పెట్టాడు, వాళ్లే పంపించారు. అయిదేళ్లకు చెల్లే పత్రం ఇంటికి వచ్చింది.

మావారి సంగతి వేరు. జాబితాలో లేరు గనక, ఆయన మన పద్ధతిలో పొదుపు ప్రారంభించారు. గోధుమరంగు ఇన్హేలరు పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు పీల్చమంటే, ఒక్కొక్కసారే పీల్చేవారు. నెలకు రావలసింది రెండు నెలలు వచ్చేది. పళ్లపొడి చివరిదాకా గీకినట్టే ఊపిరి కూడాను. ఒక మార్చి నెలలో, చెట్లు పూతకొచ్చే రోజుల్లో, అర్ధరాత్రి లేచి కూర్చుని కిటికీ పట్టుకుని ఎగరోజుతున్నారు. పెదవులు నల్లబడ్డాయి. ఆ రాత్రి ఆసుపత్రిలో డాక్టరు, మన గుంటూరు కుర్రాడే, ఇన్హేలరు చేత్తో ఊపి చూసి, "సార్, ఇది పొదుపు చేసే వస్తువు కాదండీ" అన్నాడు. అంతకన్న ఎక్కువ తిట్టలేదు. మావారికి అది చాలింది.

ఇలాంటివారికి కూడా ఒక దారి ఉంది. సంవత్సరానికి 114 పౌన్ల 50 పెన్నీలు ముందుగా కట్టేస్తే, ఆ ఏడాది ఎన్ని మందులు రాసినా ఇక కట్టనక్కరలేదు. అంతా ఒక్కసారి కాకుండా పది వాయిదాల్లో ఇవ్వవచ్చు. మూడు నెలలకయితే 32 పౌన్ల 5 పెన్నీలు. ఏడాదికి పదకొండు మందులు దాటేవాళ్లకు లాభమే. మావారు లెక్క వేసుకుని కట్టారు. "ఊపిరికి వార్షిక చందా" అని పేరు పెట్టారు దానికి. చందా కట్టాక ఇన్హేలరు మీద చిన్నచూపు పోయింది. వారపత్రిక వచ్చినట్టు నెలనెలా వస్తోంది, నిండుగా పీలుస్తున్నారు. అయినా నేనొకటి అంటాను: చందా కట్టి ఊపిరి తీసుకోవలసిన దేశంలో, జాబితా ఎవరో ఒకరు మళ్లీ తెరిచి చూడాలి.

సరే, జాబితాలో లేనివారి బాధ ఇది. జాబితాలో ఉండి కూడా చెయ్యి చాచని ఒక పిల్ల కథ ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ పిల్లే. పేరు రాయకుండా రాయమని తనే చెప్పింది.

2023లో గుంటూరు వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చి మాకు రెండిళ్ల అవతల గది అద్దెకు తీసుకుంది. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం. వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్లు అప్పు చేశారు. జీతంలో సగం ఇంటికి పోతుంది. చురుకైన పిల్ల. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చి "పిన్నిగారూ" అంటూ వంటింట్లోనే మసలేది. 2024 డిసెంబరులో ఒక ఆదివారం, పప్పుగిన్నె అందుకుంటూ అందుకుంటూ అలా చూస్తూ ఉండిపోయింది. మరుక్షణం కుర్చీలోంచి జారి నేలమీద పడి కొట్టుకోసాగింది.

మావారు "తాళాలగుత్తి ఏదీ, తాళాలగుత్తి ఏదీ" అంటూ ఇల్లంతా వెతుకుతున్నారు. ఆయన ఇంజనీరు, అయినా ఆ క్షణాన వాళ్ల నాయనమ్మ మనవడే. నేను పనిచేసే బడిలో ప్రథమ చికిత్స నేర్పించారు. "తాళాలు కాదండీ, గడియారం చూడండి" అన్నాను. చుట్టూ ఉన్న కుర్చీలు తీసేసి, తల కింద శాలువ మడిచి పెట్టి, కొట్టుకోవడం ఆగగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాను. నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా పట్టుకోకూడదు. అయిదు నిమిషాలు దాటితే ప్రమాదం. మూడు నిమిషాలకు ఆగింది. ఆ మూడు నిమిషాలూ మూడు గంటలు. ఇది మొదటిసారో కాదో మాకు తెలియదు గనక అంబులెన్సుకు ఫోను చేశాం.

తెలివి వచ్చాక ఆ పిల్ల అన్న మొదటి మాట, "పిన్నిగారూ, మా అమ్మకు చెప్పకండి" అని. రెండో మాట, "మా అమ్మ ఎవరికీ చెప్పవద్దంది" అని.

పధ్నాలుగో ఏటినుంచీ ఉందట. చుట్టాలకు బలానికి మాత్రలని చెప్పేవారట. సంబంధాలు చూస్తున్నారు గనక మూర్ఛ అన్న మాట ఇల్లు దాటకూడదు. ఇక్కడికి వచ్చేటప్పుడు ఆరునెలల మాత్రలు పెట్టెలో చీరల మడతల్లో సర్దుకొచ్చింది. ఆ తరవాత వచ్చేపోయేవాళ్ల చేత తెప్పించుకుంది. ఆ డిసెంబరులో రావలసిన పొట్లం రాలేదు. రోజుకు రెండు మాత్రలు వేసుకోవలసింది ఒకటి చేసింది.

"ఇక్కడి డాక్టరుకు చెప్పుకోలేకపోయావా?" అన్నాను.

"చెబితే ఉద్యోగం తీసేస్తారేమో, వీసా పోతుందేమో అని భయం పిన్నిగారూ. పైగా మందుకు వెయ్యి రూపాయలంటున్నారు. నాకు రెండు రకాలు. నెలకు రెండువేలు ఎక్కడినుంచి తేను? ఆ డబ్బుకు మా ఇంట్లో వడ్డీ తీరుతుంది."

అసలు విచారమంతా ఇక్కడే ఉంది. మూర్ఛ ఆ జాబితాలో ఉన్న రోగం. ఆ పిల్ల ఒక్క పైసా కట్టనక్కరలేదు. ఏ డబ్బుకు భయపడి మందు సగం చేసుకుందో, ఆ డబ్బు ఎవరూ అడగనే అడగరు. అడక్కుండా ఎవరూ చెప్పరు కూడా. పత్రం దానంతట అది ఇంటికి రాదు. రోగం ఉందని డాక్టరుకు తెలియాలి, మనం కాగితం అడగాలి. దాచిన రోగానికి మినహాయింపు లేదు.

నా పత్రం తీసి దాని చేతిలో పెట్టాను. "చూడు. పేరు, నంబరు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, అంతే. రోగం పేరు ఎక్కడైనా ఉందేమో చూడు" అన్నాను. అటూ ఇటూ తిప్పి చూసింది. వీసా సంగతి కూడా చెప్పాను. "పబ్లిక్ ఫండ్స్ ముట్టరాదు" అని వీసామీద రాసి ఉంటుంది గదా, అది చూసి మనవాళ్లు హడలిపోతారు. ఆ మాట కొన్ని రకాల భృతులకు సంబంధించింది. జాతీయ ఆరోగ్య సేవ ఇచ్చే వైద్యం దానికిందికి రాదు. ఈ మినహాయింపు పత్రమూ రాదు.

డాక్టరు దగ్గరికి నేనే వెంట వెళ్లాను. కాగితం పూర్తిచేశారు. పదిహేను రోజుల్లో పత్రం వచ్చింది. ఉద్యోగం పోలేదు. పైవారికి చెబితే రాత్రిపూట ఒంటరి డ్యూటీలు వెయ్యడం మానేశారు. కారు నేర్చుకోవాలన్న కోరిక మటుకు, ఏడాదిపాటు మూర్ఛ రాకుండా గడిచేదాకా వాయిదా పడింది. అది ఇక్కడి చట్టం. ఆ పిల్ల అందుకు కాస్త ఏడ్చింది. ఏడవనిచ్చాను.

వాళ్లమ్మగారు నాకు ఫోను చేశారు. కోపంగా ఉంటారనుకున్నాను. ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"వదినగారూ, ఉచితంగా మందులిస్తున్నారట. అంటే బీదవాళ్లలో రాసేశారా మా పిల్లని?"

"బీదవాళ్లకిచ్చేది కాదు వదినగారూ. కోటీశ్వరుడికి మూర్ఛ ఉన్నా ఇస్తారు. మీ అమ్మాయి నెలనెలా పన్ను కడుతోంది. తన డబ్బే తనకు వస్తోందనుకోండి."

కాసేపు మాట్లాడలేదు. "పధ్నాలుగో ఏట మొదటిసారి పడిపోయినప్పుడు, చూసింది నేనొక్కదాన్నే. ఎవరూ చూడలేదుగదా అని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను" అన్నారు. ఆ మాటకు నేనేం జవాబు చెప్పగలను? ఏ తల్లయినా అంతే చేస్తుంది. పిల్ల పెళ్లి కావాలి. మన ఊళ్లలో మూర్ఛ అంటే మాట్లాడుకునే తీరు మనకు తెలియనిదా? కాని దాచినకొద్దీ మందు సన్నగిల్లుతుంది. మందు సన్నగిల్లితే రోగం తానే నలుగురిలో బయటపడుతుంది.

తరవాత వచ్చిన సంబంధానికి ఆ అమ్మాయి తనే ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ సంబంధం తప్పిపోయింది. ఇంకోటి వస్తుంది, రాకపోనూవచ్చు. పిల్ల మటుకు రోజుకు రెండు మాత్రలూ వేసుకుంటోంది. ఆ ఆదివారం తరవాత ఇంతవరకూ మళ్లీ పడిపోలేదు. వాళ్ల ఆశ్రమంలో పనిచేసే ఒక మలయాళీ నర్సుకు షుగరు ఉంది; మాత్రలకు డబ్బు కడుతోంది. ఆవిడచేత కాగితం పూర్తిచేయించింది కూడా మన పిల్లే.

మీ పిల్లలో, మేనళ్లో, ఎవరో ఒకరు ఇంగ్లండులో ఉండే ఉంటారు. వాళ్లకు చెప్పవలసిన నాలుగు ముక్కలు కూడా రాసేస్తాను. వీసాతోబాటు ఆరోగ్య రుసుము కట్టాం గనక మందులు ఉచితమేననుకుంటారు కొందరు. కాదు, మందుల చార్జీ వేరే. జాబితాలో ఉన్న రోగమైతే క్లినిక్కులో ఎఫ్.పి.92ఎ అడగమనండి. పత్రం వచ్చేలోపల డబ్బు కట్టవలసివస్తే, కట్టేటప్పుడే ఎఫ్.పి.57 అనే రశీదు పుచ్చుకోమనండి. అది తరవాత అడిగితే ఇవ్వరు, అది లేనిదే డబ్బు వాపసు రాదు. పత్రం గడువు తేదీ కాలెండరు మీద రాసిపెట్టుకోమనండి. గడువు దాటినా ఉచితమని చెప్పి మందు తీసుకుంటే, చార్జీతోబాటు నూరు పౌన్లదాకా జరిమానా పడవచ్చు. జాబితాలో లేని రోగమైతే చందా సంగతి చూడమనండి. మందు మటుకు సగం చెయ్యవద్దనండి.

మనం పిల్లలకు ఫోను చేసినప్పుడు మొదట అడిగేది అన్నం తిన్నావా అని. ఆ ప్రశ్నకు వాళ్లు ఎలాగూ తిన్నాననే అంటారు. ఈసారి ఇంకొకటి కూడా అడగండి: "మందు సరిగ్గా వేసుకుంటున్నావా? దానికి డబ్బెంత అవుతోంది?" జవాబు రావడానికి ఆలస్యమైతే, ఫోను పెట్టెయ్యకండి.